ఫ్లూ తరువాత కొలెస్ట్రాల్ తగ్గింది: ఆ ఘనత విటమిన్ ఇ గుళికలదేనా?

వనజ అడిగారు:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు. గుండె జబ్బు లేదు గానీ, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని కొన్నేళ్లుగా రోజూ 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ వేసుకుంటున్నారు. ఈమధ్య ఆయనకు ఇన్‌ఫ్లుయెంజా సోకి, అది న్యుమోనియాకు దారితీయడంతో ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. జ్వరం మొదలైనప్పుడే ఒక బంధువు చెప్పిన మీదట ఆయన రోజుకొకటి చొప్పున విటమిన్ ఇ 400 (అంటే 400 యూనిట్ల) గుళికలు వేసుకోవడం మొదలుపెట్టారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మానలేదు.

ఇంటికి పంపే ముందు చేసిన లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలోని కొవ్వుల పరీక్ష) చూసి మేమందరం ఆశ్చర్యపోయాము. జబ్బు పడక ముందు 118 ఉన్న ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారే, అది) ఇప్పుడు 71కి దిగింది. మొత్తం కొలెస్ట్రాల్ 194 నుంచి 152కు తగ్గింది. అయితే మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ కూడా 46 నుంచి 29కి పడిపోయింది, మరో రకం కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు మాత్రం 150 నుంచి 260కి పెరిగాయి. ఇన్నేళ్లు మాత్ర వేసుకున్నా రాని ఫలితం విటమిన్‌తో కొద్దిరోజుల్లోనే వచ్చిందని నాన్నగారు నమ్ముతున్నారు. ఇక స్టాటిన్ మానేసి విటమిన్ ఇ ఒక్కటే వాడుకుంటానంటున్నారు. ఎల్‌డీఎల్ తగ్గడానికి నిజంగా ఈ గుళికలే కారణమా? ట్రైగ్లిజరైడ్లు పెరిగింది గుళికలోని నూనె వల్లనా? వైరస్ జ్వరాల నుంచి కోలుకోవడానికి విటమిన్ ఇ ఏమైనా ఉపకరిస్తుందా? ఆయనకు నచ్చజెప్పాలంటే కారణంతో సహా చెప్పాలి, ఊరికే వద్దంటే వినే మనిషి కాదు. తెలిసినవారు వివరించగలరు.

శ్రీనివాసరావు (జీవరసాయన శాస్త్ర బోధన) జవాబు:

వనజ గారూ, మీ నాన్నగారు కోలుకున్నందుకు సంతోషం. ఆ అంకెలను మార్చింది జబ్బే, గుళికలు కావు. ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ రెండూ తగ్గి ట్రైగ్లిజరైడ్లు పెరగడమనేది తీవ్రమైన అంటువ్యాధి సమయంలో మనుషుల రక్తంలో కనిపించే మార్పే. మీరిచ్చిన నాలుగు అంకెలూ అందుకు అక్షరాలా సరిపోతున్నాయి. కోవిడ్ కాలంలో ఎన్నో దేశాల వైద్యులు ఇదే గమనించారు. జబ్బు ముదిరినకొద్దీ కొలెస్ట్రాల్ మరింత తగ్గడం, కోలుకున్నవారిలో అది తిరిగి పైకి రావడం వారి నివేదికల్లో పదేపదే కనబడుతుంది. వారిలో అత్యధికులు విటమిన్ ఇ ముట్టనివారే.

వైరస్ ఊపిరితిత్తులకే పరిమితమైనా, దానికి శరీరం ఇచ్చే స్పందన రక్తమంతటా ఉంటుంది. రోగనిరోధక కణాలు విడుదల చేసే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లు (కణాల మధ్య సంకేతాలు మోసే ప్రొటీన్లు) కాలేయానికి చేరి దాని పనితీరునే మార్చివేస్తాయి. కాలేయం ట్రైగ్లిజరైడ్లతో నిండిన వీఎల్‌డీఎల్ రేణువులను (ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ లాగే ఇవీ రక్తంలో కొవ్వును మోసే రేణువులే) ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. ఆ ట్రైగ్లిజరైడ్లను విడగొట్టి కండరాలకు, కొవ్వు కణజాలానికి అందించవలసిన లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము అదే సమయంలో మందగిస్తుంది. రాక పెరిగి పోక తగ్గితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పేరుకోక తప్పదు. కాబట్టి గుళికలోని నూనెను అనుమానించనక్కరలేదు. అందులో ఉండే నూనె ఒక గ్రాముకు అటూ ఇటూ మాత్రమే కనుక, రోజంతా తినే ఆహారంలోని కొవ్వు ముందు అది లెక్కలోకి రాదు.

హెచ్‌డీఎల్ విషయం ఇంకా లోతైనది. మామూలు రోజుల్లో ఈ రేణువులకు అపోలైపోప్రోటీన్ ఏ-1 అనే ప్రొటీన్ ప్రధాన ఆధారం. వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్) మొదలవగానే కాలేయం సీరం అమైలాయిడ్ ఏ అనే మరో ప్రొటీన్‌ను పెద్ద ఎత్తున తయారుచేస్తుంది, అది హెచ్‌డీఎల్‌లోకి చేరి పాతదాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఎల్‌డీఎల్ ఆక్సీకరణ చెందకుండా కాపాడే పారాక్సొనేజ్ అనే ఎంజైము కూడా అప్పుడు హెచ్‌డీఎల్‌లో తగ్గిపోతుంది. ఇన్‌ఫ్లుయెంజా సోకించిన ఎలుకల హెచ్‌డీఎల్ తన వాపు నిరోధక గుణాన్ని కోల్పోయినట్లు 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపింది. అంటే 46 నుంచి 29కి పడిపోయిన ఆ అంకె వెనుక పరిమాణంతోపాటు నాణ్యతలోనూ నష్టం ఉండవచ్చు. రిపోర్టులో మొదటి సంగతి మాత్రమే కనబడుతుంది.

ఎల్‌డీఎల్ 71 అన్న అంకెను కూడా కొంచెం అనుమానంగానే చూడాలి. చాలా ప్రయోగశాలలు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతును తీసివేసి మిగిలినదాన్ని ఎల్‌డీఎల్‌గా రాస్తాయి. మీ అంకెలతోనే చేసి చూడండి: 152 నుంచి 29, ఆపై 260లో అయిదో వంతైన 52 తీసివేస్తే సరిగ్గా 71 వస్తుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగినకొద్దీ ఈ లెక్క అసలు ఎల్‌డీఎల్‌ను తక్కువ చేసి చూపిస్తుంది, 400 దాటితే పూర్తిగా పనికిరాదు. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం జబ్బు వల్ల వచ్చినదైతే, కొంత భాగం ఈ లెక్క వల్ల కూడా వచ్చి ఉండవచ్చు.

మాధవి (ఔషధశాస్త్రం) జవాబు:

శ్రీనివాసరావు గారి వివరణకు నేను చేర్చేది మందుల పరీక్షల వైపు నుంచి. విటమిన్ ఇ కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు ఇలాంటి జ్వరం లేని స్థితిలోనే జవాబు వచ్చేసింది కాబట్టి, జ్వరం మధ్యలో ఒకసారి తీసిన రక్త నమూనాతో దాన్ని కొత్తగా తేల్చనవసరం లేదు. బ్రిటన్‌లో 20,536 మందితో జరిగి 2002లో ఫలితాలు వెలువడిన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో సగం మందికి అయిదేళ్లపాటు రోజూ 600 మిల్లీగ్రాముల విటమిన్ ఇ, 250 మిల్లీగ్రాముల విటమిన్ సి, 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ కలిపి ఇచ్చారు. గుండెపోట్లు తగ్గలేదు. విటమిన్లు తీసుకున్నవారి కొలెస్ట్రాల్ తగ్గకపోగా స్వల్పంగా పెరిగింది కూడా. అదే అధ్యయనంలో మరో భాగంగా పరీక్షించిన సిమ్వాస్టాటిన్ (మీ నాన్నగారి మాత్ర లాంటిదే మరో స్టాటిన్) మాత్రం ఎల్‌డీఎల్‌నూ గుండెపోట్లనూ రెండింటినీ తగ్గించింది. మీ నాన్నగారు పోల్చి చూస్తున్న రెండు రకాల మందులను ఒకే గుంపు మనుషులలో పక్కపక్కన పెట్టి చూసిన పరీక్ష ఇది. ఆయనకు చెప్పడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తట్టడం లేదు. 2000లో వెలువడిన హోప్ అధ్యయనంలోనూ రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ గుండె జబ్బులను నివారించలేకపోయింది.

ఇక శ్వాసకోశ వైరస్‌ల మాట. ఇక్కడ ఫలితాలు ఒకే దిక్కున లేవు, దాచవలసిన పని కూడా లేదు. అమెరికాలో సిమిన్ మెయ్‌దానీ బృందం 1997లో ఆరోగ్యంగా ఉన్న 88 మంది వృద్ధులకు వేర్వేరు మోతాదులలో విటమిన్ ఇ ఇచ్చి చూసింది. రోజుకు 200 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో హెపటైటిస్ బి టీకాకు ప్రతిరక్షకాలు బాగా పెరిగాయి, 800 మిల్లీగ్రాములతో అంతకన్నా మేలేమీ జరగలేదు. ఆ ఉత్సాహంతో అదే బృందం బోస్టన్ ప్రాంతంలోని వృద్ధుల సంరక్షణాలయాలలో 617 మందికి ఏడాదిపాటు 200 యూనిట్లు గాని, ఉత్తుత్తి మందు గాని ఇచ్చి 2004లో ఫలితాలు ప్రచురించింది. న్యుమోనియా వంటి ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లలో తేడా రాలేదు, మామూలు జలుబులు మాత్రం కొంత తగ్గాయి.

దీనికి ఎదురుగా నెదర్లాండ్స్ అధ్యయనం ఉంది. సొంత ఇళ్లలోనే ఉంటున్న, 60 ఏళ్లు దాటిన 652 మందితో జరిగిన ఆ పరీక్ష 2002లో వెలువడింది. రోజుకు 200 మిల్లీగ్రాముల విటమిన్ ఇ తీసుకున్నవారికి శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు తక్కువగా రాలేదు సరికదా, వచ్చినప్పుడు జబ్బు మరింత తీవ్రంగా ఉంది. జబ్బుతో గడిపిన మొత్తం రోజుల మధ్యగత విలువ విటమిన్ ఇ తీసుకున్నవారిలో 19, తీసుకోనివారిలో 14. జ్వరం, పనులు చేసుకోలేని స్థితి కూడా మొదటివారిలోనే ఎక్కువ. దీన్ని చూపించి విటమిన్ ఇ హానికరమని నేను తేల్చడం లేదు. కానీ ‘వేసుకుంటే పోయేదేముంది’ అన్న మాట మాత్రం ఇకపై అంత తేలికగా అనలేము. పైగా ఈ పరీక్షలన్నీ జబ్బు రాకముందు నుంచీ నెలల తరబడి వాడినవారి గురించినవి. జ్వరం వచ్చాక మొదలుపెడితే మేలు జరుగుతుందని ఇవేవీ చెప్పవు.

రఘు జవాబు:

మాధవి గారూ, మీరు చెప్పిన అధ్యయనాలన్నీ తగినంత పోషణ ఉన్నవారి మీద జరిగినవి. లోపం ఉన్నచోట పరిస్థితి వేరుగా ఉండవచ్చు కదా. అమెరికాలో మెలిండా బెక్, ఆర్విల్ లెవాండర్ బృందం చేసిన ఎలుకల ప్రయోగాలను ఈ చర్చలో తీసుకోకపోతే అన్యాయమవుతుందని నా ఉద్దేశం. విటమిన్ ఇ లోపించిన ఎలుకలకు గుండెకు హానిచేయని రకం కాక్సాకీ వైరస్ బి3ని ఎక్కిస్తే, అది వాటి శరీరంలోనే గుండెను దెబ్బతీసే రకంగా మారింది. ఆ మారిన వైరస్‌ను బాగా పోషణ ఉన్న ఎలుకలకు ఎక్కించినా జబ్బు చేసింది. విటమిన్ ఇ లాగే ఆక్సీకరణ నుంచి రక్షణకు తోడ్పడే సెలీనియం అనే ఖనిజం లోపించిన ఎలుకలలో ఇన్‌ఫ్లుయెంజా వైరస్ కూడా ఇలాగే మరింత ఉగ్రంగా మారిందని అదే బృందం 2001లో చూపింది. అంటే ఆక్సీకరణ నుంచి రక్షణ కరువైన శరీరం తాను బలహీనపడటమే కాక, వైరస్‌కే కొత్త బలాన్ని ఇచ్చినట్లయింది. ముసలి ఎలుకలకు విటమిన్ ఇ ఎక్కువగా పెడితే వాటి ఊపిరితిత్తులలో ఇన్‌ఫ్లుయెంజా వైరస్ పరిమాణం తగ్గినట్లు 1997లో మరో ప్రయోగం చూపింది. వనజ గారి నాన్నగారి వయసు దృష్ట్యా ఇది పూర్తిగా పక్కన పెట్టదగిన విషయమా?

ఇంకొక సందేహం. రక్తంలోని కొవ్వు ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, ఆ కొవ్వు ఎంతగా ఆక్సీకరణ చెందిందన్నది మరొక ప్రశ్న. విటమిన్ ఇ పని రెండోదాని మీద. లిపిడ్ ప్రొఫైల్‌లో మార్పు రానంత మాత్రాన విటమిన్ ఇ ఏ పనీ చేయలేదనడం సబబేనా?

శ్రీనివాసరావు జవాబు:

రఘు గారూ, మీ రెండో సందేహమే ఈ చర్చకు కీలకం. అడిగి మంచి పని చేశారు. విటమిన్ ఇ, అందులోనూ మన కాలేయం ప్రత్యేకంగా ఎంచుకుని రక్తంలోకి పంపే ఆల్ఫా టోకోఫెరాల్, కొవ్వు అణువులలో ఒకదాని నుంచి మరొకదానికి పాకే ఆక్సీకరణ గొలుసును మధ్యలో తెంచుతుంది. ఒక్కో ఎల్‌డీఎల్ రేణువులో సగటున ఆరేడు ఆల్ఫా టోకోఫెరాల్ అణువులు ఉంటాయి. గొలుసును తెంచిన టోకోఫెరాల్ అణువు తానే ఒక రాడికల్‌గా (ఇతర అణువులతో తేలికగా చర్య జరిపే రూపంగా) మారుతుంది, దాన్ని విటమిన్ సి మళ్లీ పూర్వస్థితికి తెస్తుంది. కాబట్టి కొవ్వు పరిమాణం మారకుండానే దాని ఆక్సీకరణ తగ్గడం సిద్ధాంతరీత్యా సాధ్యమే.

అయితే మనుషులలో అది ఏ మోతాదుకు జరుగుతుందన్నది తేల్చవలసి వచ్చినప్పుడు ఫలితం ఆశాజనకంగా లేదు. కొవ్వుల ఆక్సీకరణకు నమ్మదగిన సూచికలుగా భావించే ఎఫ్2-ఐసోప్రోస్టేన్లను కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారిలో కొలిచి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 1,600 యూనిట్లు, 3,200 యూనిట్లు తీసుకున్నప్పుడే గణనీయమైన తగ్గుదల కనిపించింది, అదీ వారాల తరబడి వాడిన తరువాత. పెద్దలకు అమెరికా పోషకాహార ప్రమాణాలు నిర్ణయించిన గరిష్ఠ పరిమితి రోజుకు 1,000 మిల్లీగ్రాములు, ఐరోపాలో అది 300 మిల్లీగ్రాములే. సహజ రూపంలోని 400 యూనిట్ల గుళిక అంటే 268 మిల్లీగ్రాములు, కృత్రిమ రూపమైతే లెక్క ప్రకారం 180 మిల్లీగ్రాములు. అంటే ఆక్సీకరణ మీద కొలవదగిన ప్రభావం చూపిన మోతాదులు అనుమతించిన పరిమితిని తాకుతున్నాయి లేదా దాటిపోతున్నాయి, మీ నాన్నగారి మోతాదు వాటి దరిదాపుల్లో కూడా లేదు. కొవ్వు ఆక్సీకరణ చెందినప్పుడు పుట్టే మాలోన్‌డయాల్డిహైడ్‌ను కొలవడానికి టీబార్స్ అనే పద్ధతి వాడిన చిన్న చిన్న అధ్యయనాలు వేరే చిత్రం చూపవచ్చు గానీ, ఆ పద్ధతి ఇతర పదార్థాలతోనూ చర్య జరుపుతుంది కాబట్టి ఒక్కదాని మీద ఆధారపడి తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు.

ఎలుకల ప్రయోగాలు శాస్త్రంగా అద్భుతమైనవి, నేను తరగతిలో తప్పకుండా చెబుతాను. కానీ మన ప్రశ్నకు అవి జవాబివ్వలేవు. బెక్ బృందం చూపింది లోపం వల్ల కలిగే నష్టాన్ని. లోపం లేనివారికి అదనంగా ఇస్తే కలిగే లాభాన్ని కాదు. ఎలుకలతో మరొక చిక్కు కూడా ఉంది: ఇన్‌ఫెక్షన్ సమయంలో మనుషులలోనూ కోతిజాతులలోనూ కొలెస్ట్రాల్ తగ్గితే, ఎలుకల వంటి కృంతకాలలో అది పెరుగుతుంది. రక్తంలోని కొవ్వుల గురించే మాట్లాడుతున్నప్పుడు, దిశే వ్యతిరేకంగా ఉన్న జంతువు ఫలితాలను మనిషికి అన్వయించడంలో ఎంత జాగ్రత్త అవసరమో మీకే తెలుస్తుంది.

హరిత అడిగారు:

మధ్యలో దూరుతున్నందుకు మన్నించండి. తీవ్రమైన శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరినవారి రక్తంలో విటమిన్ ఇ తక్కువగా ఉంటుందనీ, కాబట్టి వారికి అది ఇచ్చి తీరాలనీ చాలాచోట్ల చదివాను. లోపం ఉన్నట్లు రక్తపరీక్షే చూపిస్తున్నప్పుడు రఘు గారి వాదనలో బలం ఉన్నట్లే కదా?

శ్రీనివాసరావు జవాబు:

హరిత గారూ, ఈ వాదన చూడటానికి నిర్దుష్టంగా ఉంటుంది, కానీ అందులో ఒక మెట్టు జారిపోయింది. విటమిన్ ఇ నీటిలో కరగదు, రక్తంలో దాన్ని మోయడానికి ప్రత్యేకమైన ప్రొటీన్ కూడా లేదు. ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, వీఎల్‌డీఎల్ రేణువుల మీద ఎక్కే అది ప్రయాణిస్తుంది. బస్సులు సగానికి తగ్గిన రోజున రోడ్డు మీద ప్రయాణికులు తక్కువగా కనబడితే ఊళ్లో జనం తగ్గారని అనుకోము. ఇన్‌ఫెక్షన్‌లో మోసే రేణువులే తగ్గినప్పుడు, కణజాలాలలో నిల్వలు చెక్కుచెదరకపోయినా, రక్తంలో విటమిన్ ఇ అంకె పడిపోతుంది. దీనికి విరుద్ధంగా, కొలెస్ట్రాల్ చాలా ఎక్కువగా ఉన్నవారిలో లోపం ఉన్నా రక్తంలో అంకె మామూలుగానే కనబడవచ్చు.

అందుకే విటమిన్ ఇ స్థితిని అంచనా వేసేటప్పుడు ఆల్ఫా టోకోఫెరాల్‌ను రక్తంలోని మొత్తం కొవ్వులతో గాని, కనీసం కొలెస్ట్రాల్‌తో గాని భాగించి చూడాలని 1970ల నుంచే చెబుతూ వచ్చారు. మామూలుగా లీటరుకు 12 మైక్రోమోల్‌ల కన్నా తక్కువ ఉంటే లోపం అంటారు. జబ్బుపడ్డవారిలో ఆ ఒక్క అంకెతో సరిపెట్టుకోకుండా ఒక మిల్లీమోల్ కొలెస్ట్రాల్‌కు ఎన్ని మైక్రోమోల్‌ల టోకోఫెరాల్ ఉందో లెక్కించాలి. అది 2.2కు పైన ఉంటే సాధారణంగా లోపం లేనట్లే పరిగణిస్తారు. ఈ సవరణ చేయకుండా ‘రోగులలో విటమిన్ ఇ తక్కువ’ అని రాసిన వ్యాసం ఏది కనబడినా, వారు కొలిచింది విటమిన్‌నా, లేక దాన్ని మోసే కొవ్వునా అని నేను ముందుగా వెతుకుతాను. తీవ్రమైన జబ్బులో ఆక్సీకరణ వల్ల కొంత టోకోఫెరాల్ నిజంగానే ఖర్చవుతుందన్న మాటను నేను తోసిపుచ్చడం లేదు. సవరణ తరువాత కూడా నిష్పత్తి తగ్గితేనే ఆ మాటకు ఆధారం దొరుకుతుంది.

నిజమైన లోపం పెద్దలలో అరుదు. కొవ్వును జీర్ణించుకోలేని కాలేయ, క్లోమ, పేగు వ్యాధులలోనూ, ఆల్ఫా టోకోఫెరాల్‌ను రక్తంలోకి పంపే కాలేయ ప్రొటీన్‌కు సంబంధించిన జన్యులోపంలోనూ అది కనబడుతుంది. అప్పుడు కూడా ముందుగా దెబ్బతినేది నరాలు, నడకలో నిలకడ.

డాక్టర్ సుమతి (అంతర్గత వైద్యం) జవాబు:

శాస్త్రం గురించి పైన చక్కగా వివరించారు. వనజ గారు ఇంట్లో ఏం చేయాలో చెప్పడానికే నేను రాస్తున్నాను. మీ నాన్నగారిని చూసిన వైద్యుల మాటే అంతిమం. వారిని అడిగేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, స్టాటిన్ మానడానికి ఇది అత్యంత అనువుకాని సమయం. కెనడాలోని ఒంటారియోలో పరీక్షల ద్వారా ఇన్‌ఫ్లుయెంజా నిర్ధారణ అయినవారిని పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, నిర్ధారణ తరువాతి మొదటి ఏడు రోజులలో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరే అవకాశం అదే మనుషుల మిగతా కాలంతో పోలిస్తే దాదాపు ఆరు రెట్లు ఉన్నట్లు తేలింది. అంటే ఎల్‌డీఎల్ అంకె తక్కువగా కనిపించే ఆ రోజులలోనే రక్తనాళాలకు ప్రమాదం ఎక్కువ. వాపు ప్రక్రియ వల్ల ధమనులలోని కొవ్వు పూడికలు చిట్లే అవకాశం, రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతాయి. ఆ పూడికలు ఏళ్ల తరబడి పేరుకున్నవి కాబట్టి కొద్దిరోజులు కొలెస్ట్రాల్ తగ్గినంత మాత్రాన కరగవు. జ్వరపు రోజుల ఎల్‌డీఎల్‌ను చూసి ధైర్యపడవద్దని నేను నా దగ్గరకు వచ్చేవారికి ఎప్పుడూ చెబుతుంటాను. మందుల మధ్య పరస్పర చర్య వల్ల వైద్యులే స్టాటిన్‌ను కొద్దికాలం ఆపే సందర్భాలు కొన్ని ఉన్నాయి: కోవిడ్‌కు వాడే రిటోనావిర్ కలిసిన మందు, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆ కోవలోనివి. ఇన్‌ఫ్లుయెంజాకు ఇచ్చే ఒసెల్టామివిర్‌తో అటువంటి ఇబ్బంది లేదు. ఆసుపత్రి కాగితాలలో స్టాటిన్ ఆపమని రాసి ఉంటే, ఎందుకు ఆపారో, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో అడిగి తెలుసుకోండి.

లిపిడ్ ప్రొఫైల్‌ను ఇప్పుడే మళ్లీ చేయించి ప్రయోజనం లేదు. ఆకలి, బరువు, నడక మామూలు స్థితికి వచ్చాక, తీవ్రమైన జబ్బు తగ్గి కనీసం ఆరు వారాలైనా గడిచాక చేయించండి. ఆసుపత్రిలో స్టీరాయిడ్లు ఇచ్చి ఉంటే అవి కూడా ట్రైగ్లిజరైడ్లను, చక్కెరను పెంచుతాయి కాబట్టి అవి ఆపి ఎన్నాళ్లయిందో వైద్యుడికి చెప్పండి. ఐసీయూలో మత్తు కోసం ప్రోపోఫాల్ వాడి ఉంటే, దాన్ని కొవ్వు ద్రావణంలోనే కలిపి ఇస్తారు గనుక, అప్పటి ట్రైగ్లిజరైడ్లకు అదీ ఒక కారణమై ఉండవచ్చు. మళ్లీ చేసిన పరీక్షలోనూ ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగానే ఉంటే అప్పుడు మధుమేహం, థైరాయిడ్, మద్యం, కాలేయంలో కొవ్వు వంటి కారణాలు వెతుకుతారు. 500 దాటితే క్లోమగ్రంథి వాపు భయం ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయరు.

విటమిన్ ఇ 400 కొనసాగించడానికి నాకు కారణం కనబడదు. మానడానికి మాత్రం కొన్ని ఉన్నాయి. ఎక్కువ మోతాదులలో అది విటమిన్ కె పనికి అడ్డుపడి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి వాడేవారిలో రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. పురుషులలో మరో సంగతి ఉంది: 35,533 మంది పురుషులతో జరిగిన సెలెక్ట్ పరీక్షలో రోజుకు 400 యూనిట్ల కృత్రిమ విటమిన్ ఇ తీసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చినట్లు 2011లో వెల్లడైంది. గుండె జబ్బుల, క్యాన్సర్ల నివారణకు విటమిన్ ఇ వాడవద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం 2022లో స్పష్టంగా సిఫారసు చేసింది. పెద్దలకు రోజుకు కావలసింది 15 మిల్లీగ్రాములే. గింజలు, పప్పుగింజలు, వంటనూనెలు, ఆకుకూరలు కలిసిన మామూలు భోజనం దానికి సరిపోతుంది. ఇన్నాళ్లు వేసుకున్నది కొద్దికాలమే కాబట్టి కంగారు పడనక్కరలేదు, నెమ్మదిగా తగ్గించుకుంటూ రావలసిన మందు కూడా కాదు, ఒక్కసారే ఆపవచ్చు.

ఇది మీ ప్రశ్నలో లేదు గానీ, ఊపిరితిత్తుల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. గుళికలోని నూనెను ఆవిరిలో కలిపి పీల్చమని కొందరు సలహా ఇస్తుంటారు, అది ఎట్టి పరిస్థితులలోనూ చేయకూడదు. 2019లో అమెరికాలో వేపింగ్ చేసేవారిలో (ఈ-సిగరెట్ల వంటి పరికరాలతో ఆవిరి పీల్చేవారిలో) ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న ఉదంతంలో ప్రధాన అనుమానం విటమిన్ ఇ అసిటేట్ అనే విటమిన్ ఇ రూపం మీదే నిలిచింది. 51 మంది రోగుల ఊపిరితిత్తుల నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే 48 మందిలో అది దొరికింది. 2020 ఫిబ్రవరి నాటికి ఆసుపత్రి పాలైనవారూ మరణించినవారూ కలిపి 2,807 మంది లెక్కకు వచ్చారు, అందులో మరణాలు 68. మింగితే హాని చేయని పదార్థం ఊపిరితిత్తులలోకి వెళితే అదే విధంగా ప్రవర్తిస్తుందని అనుకోకూడదు.

వనజ రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. హార్ట్ ప్రొటెక్షన్ స్టడీ సంగతి, ఎల్‌డీఎల్ లెక్క కట్టే పద్ధతి నాన్నగారికి చదివి వినిపించాను. కాగితం మీద తానే లెక్క వేసి చూసుకుని 71 రావడంతో గుళికలు పక్కన పెట్టడానికి ఒప్పుకున్నారు. స్టాటిన్ మానలేదు. ఆయనకు మిగిలిన సందేహం ఒక్కటే: ఆరు వారాల తరువాత ఎల్‌డీఎల్ మళ్లీ 118కి చేరితే, 10 మిల్లీగ్రాముల మోతాదు సరిపోవడం లేదని అర్థమా?

డాక్టర్ సుమతి జవాబు:

ఒక్క ఎల్‌డీఎల్‌ను బట్టి చెప్పలేము, వనజ గారూ. గుండె జబ్బు లేనివారికి మోతాదును నిర్ణయించేటప్పుడు రక్తపోటు, మధుమేహం, పొగతాగే అలవాటు, మూత్రపిండాల పనితీరు, కుటుంబంలో చిన్న వయసులో గుండెపోట్లు ఉన్నాయా అన్నవన్నీ కలిపి చూస్తారు. స్టాటిన్ మొదలుపెట్టక ముందు ఆయన ఎల్‌డీఎల్ ఎంత ఉండేదో పాత రిపోర్టు దొరికితే తీసుకువెళ్లండి. 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ సాధారణంగా ఎల్‌డీఎల్‌ను 35 శాతానికి అటూ ఇటూగా తగ్గిస్తుంది, ఆ పాత అంకెతో పోలిస్తేనే మందు పనిచేస్తున్నదీ లేనిదీ తేలుతుంది. మళ్లీ పరీక్ష చేయించే వరకు ఒక్క మాత్ర కూడా తప్పకుండా వేసుకోవాలి. మధ్యలో మానివేసి చేయించుకున్న పరీక్షతో మోతాదు గురించి ఏమీ చెప్పలేము.